రాజా కన్ను కిందికి జారింది

పోయిన వారం ఒక చేప కన్ను నా ప్రాణం మీదికి తెచ్చింది. నవ్వకండి! ఉద్యోగం ఊడలేదు, అది ముందే చెప్తున్నా. కానీ ఊడితేనే నయమేమో అనిపించే కాడికి వచ్చింది. టీ తాగుతూ వినండి.

మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్ మిల్లు మీకు తెలుసుగా. ఆఫీసులో నా కుర్చీ పక్కన ఎత్తైన ఇనుప స్టాండు, దాని మీద ఇంత పెద్ద అక్వేరియం. అందులో ఒకే ఒక్క చేప. అరోవానా. నా మోచేతి కంటే పొడుగు! మా సేటు దాన్ని రాజా అంటాడు. అది వచ్చినంకే మిల్లు కలిసొచ్చిందని ఆయన నమ్మకం. మమ్మల్ని అరిస్తే అరుస్తాడు గానీ రాజాతో మాత్రం పసిపిల్లతో మాట్లాడినట్టే మాట్లాడతాడు.

ఆయన ఇంటిల్లిపాదితో తిరుపతి పోతూ నన్ను పిలిచాడు. "స్వరూపా, రాజా నీ మీదున్నడు. డబ్బాల గింజలు తప్ప ఏం పెట్టకు. వానికేమన్న అయిందనుకో..." అని ఆపేశాడు. మిగతాది చెప్పనే లేదు! చెప్తే కొంచెం ధైర్యంగా ఉండేదాన్నేమో.

అసలు నాకు ముందే భయం. ఎందుకంటే రాజాకు నేను ఎన్నాళ్ళ నుంచో దొంగతనంగా రొయ్యలు పెడుతున్నా. కోదాడ నుంచి మా తమ్ముడు తెచ్చే రొయ్యలు. కూరకు పోను రెండు పచ్చివి డబ్బాలో వేసుకొస్తా. మధ్యాహ్నం నేను తినేటప్పుడు అది అద్దానికి మూతి ఆనించి కిందికి నా డబ్బా వైపే చూస్తుంటే, ఎట్లా ఒక్కదాన్నే తినను చెప్పండి?

సేటు తిరుపతి బయల్దేరిన మర్నాడు, బాధ్యత మీద పడింది కదా అని మొదటిసారి దాని మొహం సరిగ్గా చూశా. అమ్మో! ఎడమ కన్ను బాగానే ఉంది. కుడి కన్ను మాత్రం కిందికి జారిపోయి ఉంది. పైన తెల్లగుడ్డు, కింద నల్లగుడ్డు.

ఊడ్చే మంగమ్మను కేకేశా. ఆమె చీపురు పట్టుకునే వంగి చూసింది.

"పచ్చవాతం గొట్టినట్టుంది బిడ్డా. ఒకదిక్కు గుంజకపోయింది సూడు. మా ఆడిబిడ్డకు గిట్లనే అయింది."

"మరి తగ్గిందా?"

"యాడ తగ్గుడు? పోయింది గదా!"

అప్పుడే ఫోన్ మోగింది. తిరుపతి నుంచి వీడియో కాల్! "రాజాను సూపెట్టు స్వరూపా, వాని మొఖం సూడంది నాకు పొద్దు పోదు." నేను ఎడమ వైపే చూపించా. "ఆ, మంచిగున్నడు" అంటున్నాడో లేదో, రాజా తాపీగా ఇటు తిరుగుతున్నాడు! ఫోన్‌ను టక్కున పైకి తిప్పేశా.

"సార్, నెట్ లేదు సార్! ఏం కనపడట్లేదు!"

"నాకు ఫ్యాన్ మంచిగనే కనబడుతుంది గదా!"

కట్ చేశా. సూర్యాపేటలో పశువుల దవాఖానలో డాక్టరుగా ఉన్న మా బావకు ఫోన్ చేశా. "బావా, కన్ను జారింది, ఏం మందెయ్యాలి?" అంటే, "బర్రెదా, ఆవుదా? ఈనిందా?" అన్నాడు. చేపది అంటే నమ్మక రెండుసార్లు అడిగాడు. ఆఖరికి, "నాకు తెల్వది మరదలా. ఈడ పెంచుకునే చేపల దుకాణం ఉంది, ఫొటో తీస్కరా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సూర్యాపేట బస్సెక్కా. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రొయ్య పడక ఇట్లా అయిందా? చచ్చిపోతే? దానికి రొయ్యలు పెట్టింది నేనేనని సేటుకు తెలిస్తే? ఈ వయసులో నాకు వేరే పనెవరిస్తారు?

దుకాణంలో ఆయన ఫొటో చూసి గుర్తుపట్టేశాడు. "డ్రాప్ ఐ అంటరు మేడం. ఈ చేపలకు మామూలే. ఎప్పటికీ కిందికే సూస్తె గిట్ల జారుతదంటరు. మేత ఎక్కువై కన్ను ఎనక కొవ్వు పట్టినా జారుతదంటరు. ఇంతకీ దాని కింద ఎవరు కూసుంటరు?"

"...నేనే."

"ఏమన్న తింటరా గాడ?"

నేను టిఫిన్ డబ్బా ఉన్న సంచిని వెనక్కి జరుపుకున్నా. ఆయనకు అర్థమైనట్టుంది, నవ్వాడు. జారింది మళ్ళీ పూర్తిగా ఎక్కడం కష్టమట. ఇంకా జారకుండా చూసుకోవాలట. అద్దం కింది భాగం కాగితంతో మూసి, నీళ్ళ మీద టేబుల్ టెన్నిస్ బంతులు వదిలితే పైకి చూడడం అలవాటవుతుందన్నాడు.

బంతులు కొన్నా. పాత క్యాలెండర్ కాగితాలు అంటించా. "బడి పిల్లల పుస్తకాలకు అట్టలు ఏసినట్టున్నది" అంది మంగమ్మ. రెండో రోజు పొద్దున్నే సేటు దిగాడు, గుండుతో, చేతిలో లడ్డూలతో. అక్వేరియం వైపు చూశాడు. మొహం మారిపోయింది.

"గిదేంది?"

"సార్... రాజా కన్ను... కిందికి జారింది సార్." ఏడుపొచ్చేసింది నాకు.

"జారుడేంది! పిచ్చి లేసిందా స్వరూపా? అది గల్లా పెట్టెను సూస్తుంది! దసరా కాన్నుంచి సూస్తనే ఉంది. మన లక్ష్మికి కావలి అని వాస్తు సూసేటాయన గూడ సెప్పిండు. నువ్వేమో కాయితాలు అంటిస్తివి? పీకు ముందు!"

గల్లా పెట్టె నా బల్ల మీదే ఉంటుంది, నా టిఫిన్ డబ్బా పక్కన. రాజా చూసేది ఏ పెట్టెనో నాకొక్కదానికే తెలుసు! చెప్తే నా పని ఖతం. చెప్పకుండా కాగితాలు పీకితే దాని కన్ను ఖతం. ఆ భయంలో నోటికొచ్చింది అనేశా.

"సార్, లక్ష్మి కింద ఉండడమేంటి సార్? పెట్టెను రాజాకు పైన షెల్ఫులో పెడదాం. వాడు పైకి చూస్తే మిల్లు కూడా పైకే పోతుంది."

సేటు నన్ను చూశాడు. రాజాను చూశాడు. గుండు నిమురుకున్నాడు. "ఇన్నేండ్లు నాకెందుకు తట్టలే!" అన్నాడు. కాగితాలు పీకమన్న మాటే మర్చిపోయాడు. సాయంత్రానికల్లా వడ్రంగి వచ్చి షెల్ఫు కొట్టాడు.

రాజాకు గల్లా పెట్టెతో ఏం పని? అందుకే దాని వెనకాల నా రొయ్యల డబ్బా కూడా దాచా. మేత తగ్గించి, ఒక్క రొయ్యే వేస్తున్నా, అదీ పైనుంచి. రాజా ఇప్పుడు పైకే చూస్తున్నాడు. సేటు రోజూ దండం పెట్టి, నా తెలివి గురించి వచ్చినోళ్ళందరికీ చెప్తున్నాడు.

నా సంగతంటారా? తవుడుకొచ్చినా, నూకలకొచ్చినా, చిల్లర కావాలంటే నేను స్టూలెక్కాలి. నాకేమో మెట్లెక్కాలన్నా వణుకే! నేను ఎక్కినప్పుడల్లా రాజా రొయ్య వేస్తానేమోనని పైకి చూస్తాడు. నేను పడతానేమోనని కిందికి చూస్తా. పొద్దుందాకా ఇదే పని. ఇట్లాగే నడిస్తే వాడి కన్ను పైకెక్కుతుందో లేదో గానీ, నా రెండు కళ్ళూ జారడం మాత్రం ఖాయం!