చదివీ చదవనట్టు

బడిలో అందరూ ఆమెని సంచీ టీచర్ అంటారు. చెప్పేది లెక్కలు, తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి క్లాస్ టీచర్, అయినా పేరు మాత్రం సంచీ వల్ల వచ్చింది. పిల్లలు బల్లల కింద ఫోన్లు పెట్టుకుని పాఠం గాలికి వదిలేస్తున్నారని, రెండేళ్ల కిందట పాత కర్టెన్ గుడ్డ కత్తిరించి, నలభై రెండు జేబులున్న పెద్ద సంచీ ఒకటి తనే కుట్టుకొచ్చి తలుపు పక్క గోడకి తగిలించింది. జేబుకో నంబరు. పొద్దున ఎవరి జేబులో వాళ్లు ఫోన్ పెట్టాలి, సాయంత్రం తీసుకోవాలి. మొదట్లో పళ్లికిలించిన తోటి టీచర్లే తర్వాత ఒక్కొక్కరూ వచ్చి కొలతలు రాసుకెళ్లారు.

తల్లిదండ్రుల సమావేశం జరిగితే ప్రిన్సిపాల్ మేడమ్ ఆమెనే లేపి మాట్లాడించేది. ఆమె మాట్లాడేది కూడా బాగానే. పిల్లల్ని నమ్మండి, వాళ్ల ఫోన్లు దొంగచాటుగా చూడకండి, ఒకసారి ఆ నమ్మకం పోయిందంటే ఇక మీకేదీ చెప్పరు అని గొంతు పెంచకుండా, నవ్వుతూ చెప్పేది. వచ్చినవాళ్లు తలలూపేవాళ్లు. ఊపుతూనే సగంమంది ఒళ్లో తమ ఫోన్లు చూసుకునేవాళ్లు, అది వేరే సంగతి.

అసలు సంగతేమిటంటే, పదిహేడో నంబరు జేబులో ఉండే ఫోన్ ఆమె కూతురిది. దాన్ని ఆమె రోజూ చదువుతుంది.

మొదలుపెట్టినప్పుడు ఇది అలవాటవుతుందని ఆమె అనుకోలేదు. కూతురికి పద్నాలుగు నిండాయి. అంతకుముందు బడి నుంచి ఇంటికి నడిచే పావుగంటసేపూ చెవిలో ఇల్లు కట్టుకుని వాగే పిల్ల, ఆ ఏడు ఉన్నట్టుండి "ఏం లేదు", "బానే ఉంది", "తర్వాత చెప్తాలే" అనే మాటలు తప్ప మాట్లాడడం మానేసింది. భర్త లిఫ్టు మెకానిక్. ఆ వయసులో అంతే, నువ్వు మాత్రం మీ అమ్మకి అన్నీ చెప్పావా అని తేల్చేశాడు. ఆయనకేం, ఆగిపోయినదేదైనా నాలుగు మరలు విప్పి చూస్తే తెలిసిపోతుంది. ఆమె మాత్రం ఊరుకోలేకపోయింది. సోఫా వెనక బట్టలు మడతపెడుతున్నట్టు నిలబడి, కూతురి బొటనవేలు ఎటెటు కదులుతోందో రెండు రోజులు చూసి లాక్ తీసే నాలుగంకెలూ పట్టేసింది. లెక్కల టీచరుకి అదో లెక్కా.

మూడో పీరియడ్‌లో పిల్లలు ల్యాబ్‌కి వెళ్తారు. క్లాసు ఖాళీ, ఆమెకీ ఖాళీ. పది నిమిషాలు చదివి, ఫోన్‌ని మళ్లీ అదే జేబులో అదే వాటంగా పెట్టేసేది. ఇన్ని నెలల్లో ఆమెకి దొరికిందల్లా జుట్టు కత్తిరించుకోవాలా వద్దా అన్న చర్చలూ, అమ్మ ఈరోజు చెప్పిన జోకే మళ్లీ చెప్పిందన్న వెక్కిరింపులూ. చదివి నొచ్చుకునేది, మర్నాడు కొత్త జోకు వెతుక్కునేది.

ఒక సోమవారం మాత్రం వేరేది దొరికింది.

కూతురి పక్కన ఒకటో తరగతి నుంచీ కూర్చునే పిల్ల ఒకతి ఉంది. పిడికెడంత మనిషి, నోరు మూతపడదు. అందరూ పిచ్చుక అంటారు. ఆ పిచ్చుక రాసిన మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. బొమ్మలు వేసే యాప్‌లో తనకి పరిచయమైన పదిహేడేళ్ల అక్క, అక్క కాదట, మగవాడట. ఆ సంగతి తెలియక ఇంట్లో గొడవలూ, నాన్న తాగొచ్చి కొట్టడమూ, ఏడుస్తూ తీసుకున్న ఫోటోలూ అన్నీ నమ్మి పంపించింది. ఇప్పుడు వాడు అవన్నీ నాన్నకి పంపిస్తానంటున్నాడు. పంపకూడదంటే బడి అయ్యాక, నాలుగున్నరకి, మూసేసిన సినిమా హాలు పక్క సందుకి రావాలి. ఒక్కతే రావాలి. ఈ శుక్రవారం దాటకూడదు. అన్నిటికన్నా కింద ఇలా ఉంది: "ఎవరికీ చెప్పనని ఒట్టేశావు. గుర్తుంది కదా."

ఆమె ఖాళీ క్లాసులో, పిల్లలు కూర్చునే బల్ల మీదే కూలబడింది. అయ్యో ఈ పిల్లని కాపాడాలి అనుకుంది. ఆ వెంటనే ఇంకోటి తోచింది. నాకెలా తెలిసిందని చెప్పను? చెబితే కూతురికి తెలుస్తుంది. ఉన్న ఆ నాలుగు మాటలూ పోతాయి. ఇక ఈ జన్మలో ఆ పిల్ల తనతో మనసు విప్పి మాట్లాడదు. ఫోన్‌ని ఎప్పటిలాగే అదే వాటంగా జేబులో పెట్టేసింది.

మంగళవారం లెక్కలు పక్కన పెట్టి, ఇంటర్నెట్‌లో పరిచయమయ్యే అపరిచితుల గురించి క్లాసంతటికీ పావుగంట చెప్పింది. చెబుతున్నంతసేపూ పిచ్చుక వైపే చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడింది. తర్వాత వరండాలో ఆపి ఒంట్లో బాగుందా అని అడిగితే, బానే ఉన్నాను టీచర్ అంది ఆ పిల్ల. సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని పిచ్చుక తల్లికి ఫోన్ చేసింది. ఆవిడ ఇంటి ముందు గదిలోనే రెండు మిషన్లు పెట్టుకుని బట్టలు కుడుతుంది. మిషన్ ఆపకుండానే, లెక్కల్లో తగ్గాయా టీచరుగారూ అని కంగారుపడింది. లేదు లేదు, చక్కగా చేస్తోంది, ఊరికే చెబుదామని చేశాను అని పెట్టేసింది సంచీ టీచర్. తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం ఇంకో ఆలోచన వచ్చింది. ఇదంతా తను చేసిన దొంగపని వల్లే కదా, ఇక ఈ జన్మలో కూతురి ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. మూడో పీరియడ్‌లో పదిహేడో జేబు వైపు కన్నెత్తి చూడలేదు. తప్పు దిద్దుకున్నట్టు ప్రాణం కాస్త తేలికపడింది కూడా. ఆ సాయంత్రం కూతురు ప్రాజెక్టు పనుందని చెప్పి గంట ఆలస్యంగా వస్తానంటే, మంచిదే అనుకుంది. ఒక్కతే కూర్చుని, పేరు లేకుండా పిచ్చుక తల్లికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. చేతిరాత పోల్చుకోకుండా ఎడమచేత్తో రాసింది. ఒకటో తరగతి పిల్లలు నయం. రెండు ముక్కలు రాసి, తప్పులు కనబడితే ఊరుకోలేక దిద్ది, చివరికి చించి పారేసింది.

గురువారం పొద్దున్నే ప్రిన్సిపాల్ మేడమ్‌కి చెప్పేద్దామని గది దాకా వెళ్లింది. లోపల వేరే బడి నుంచి వచ్చిన నలుగురు టీచర్లున్నారు. "సమయానికి వచ్చారు, వీళ్లు మీ సంచీ చూడ్డానికే వచ్చారు" అంది మేడమ్. ఆమె వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లి సంచీ చూపించింది. గుడ్డ ఎన్ని మీటర్లు పడుతుందో కూడా చెప్పింది. ఇంకా ఒక రోజుంది, రేపు చెబుతాను అనుకుంది. మనిషికి భయం పట్టుకుంటే తెలివి ఇలాంటి పనులకే బాగా పనిచేస్తుంది.

శుక్రవారం పిచ్చుక బడికి రాలేదు.

ఆ పిల్ల జేబు ఖాళీగా కనబడగానే ఆమె హాజరు పట్టీ అలాగే వదిలేసి పరుగులాంటి నడకతో ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, తలుపు కొట్టకుండానే లోపలికి దూరి మొత్తం చెప్పేసింది. మెసేజ్‌లు మీకెవరు చూపించారు అని మేడమ్ అడిగితే, "ఎవరూ చూపించలేదండీ. నేనే రోజూ నా కూతురి ఫోన్ తీసి చదువుతున్నాను" అంది. మేడమ్ ఫోన్ అందుకుని పిచ్చుక ఇంటికి కలిపింది.

పిచ్చుక వాళ్ల మేడ మెట్ల మీద దొరికింది. బడికని బయల్దేరి, పైకెక్కి, పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని సాయంత్రం కోసం కూర్చుని ఉంది. కిందనే తల్లి మిషన్ తొక్కుకుంటోంది. పోలీసులకి కబురు వెళ్లింది. నాలుగున్నరకి ఆ సందులో మామూలు బట్టలేసుకున్న పోలీసులు కాపు వేశారు. దొరికినవాడికి పిల్లల తండ్రి వయసుంది.

స్టేషన్‌లో ఒక మహిళా ఇన్‌స్పెక్టర్ ఆమె చేత వివరాలు రాయించుకుంటూ, పనిలో పనిగా ఇంకో మాట చెప్పింది. వాడు బుధవారమూ వచ్చాడట. ఒక్కతే రమ్మంటే ఇద్దరమ్మాయిలు వచ్చారని చూసి, కారు దిగకుండా వెళ్లిపోయాడట. "ఆ రెండో అమ్మాయి ఎవరో గానీ, పక్కనుండి మంచిపని చేసింది" అంది ఆవిడ.

సంచీ టీచరు ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

కూతురు వంటింటి గడప మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. ఆమె ఎదురుగా నేల మీదే చతికిలబడింది.

"బుధవారం దానితో వెళ్లింది నువ్వేనా?"

"ఊఁ."

"నేను నీ ఫోన్..." అని మొదలుపెట్టింది ఆమె.

"తెలుసమ్మా. ఎప్పటినుంచో తెలుసు. నేను తెరవకుండా వదిలేసిన మెసేజ్‌లు సాయంత్రానికి తెరిచి ఉండేవి." కూతురు లేసు ముడి వైపే చూస్తూ చెప్పింది. మొదట్లో చాలా కోపం వచ్చిందట, నాలుగు రోజులు ఏడ్చిందట. తర్వాత పోనీలే అని వదిలేసిందట. పిచ్చుక సంగతి వచ్చాక మాత్రం చదివితేనే మంచిదనుకుందట.

"నోటితో ఎవరికీ చెప్పనని దానికి ఒట్టేశాను. అందుకే అవి చెరిపెయ్యకుండా ఉంచాను. సోమవారం నువ్వు చదివావు. మంగళవారం క్లాసంతటికీ కలిపి పాఠం చెప్పావు తప్ప ఏమీ చెయ్యలేదు. సరిగ్గా చూడలేదేమో అనుకుని బుధవారం పొద్దున నేనే దానికి మెసేజ్ పెట్టాను, ఈరోజే వస్తానని వాడికి చెప్పు, నాలుగున్నరకి వెళ్దామని. పక్కనే కూర్చునేదానికి మెసేజ్ ఎందుకమ్మా? నీకోసమే పెట్టాను."

ఆ ఒక్క రోజూ తను ఫోన్ ముట్టలేదని చెప్పాలనుకుంది తల్లి.

"నువ్వు చూసే ఉంటావనుకున్నాను" అంది కూతురు. "అది రానని ఏడిస్తే నేనే ధైర్యం చెప్పి తీసుకెళ్లాను. మా అమ్మ వెనకాలే వస్తుందిలే అన్నాను. సందు మలుపులో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా, ఎక్కడున్నావా అని."