ఈపొద్దు పేజీ ఆగదు

మా మేనత్త పోయింది. పోయిన నెల్లో, కుప్పంలో ఒక ఆసుపత్రిలో, మధ్యాహ్నం రెండు గంటలకు, నేను కాఫీ తెద్దామని కిందికి పోయి వచ్చేలోపల. నర్సు "అయిపోయిందమ్మా" అంది. కాఫీ గ్లాసు పట్టుకుని అట్లే నిలబడిపోయాను. ఆ రోజు తెల్లారి అయిదింటికి అత్తకు బైబిలు చదివి వినిపించింది నేనే. గుండె బలహీనమై పుస్తకం పట్టుకోలేకపోతోందని మూడు రోజులుగా ఆ పని నాకు అప్పజెప్పింది. చదివినాక నా చెయ్యి పట్టుకుని, "రేపటి పేజీ ఆపొద్దు పాపా. నేనుండినా లేకపోయినా సరే" అంది. సరే అత్తా అన్నాను. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి ఎంత గొడవ పడాల్సి వచ్చిందో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. మావాళ్ళలో కొందరికి కోపం వస్తుంది. రానీ.

మాది పుంగనూరు దగ్గర మెట్ట పల్లె. టమోటా, చెనిక్కాయ పండించే ఇల్లు. గంగమ్మ జాతరకు పొట్టేలు కొట్టే ఇల్లు. అత్తను శాంతిపురం పక్క ఇచ్చారు. మామ గ్రానైటు క్వారీలో పోయాడు. పిల్లల్లేరు. అన్న ఇంటికి, అంటే మా నాయన దగ్గరికి, వచ్చేసింది. వచ్చిన ఏడాదికే దగ్గు, నెత్తురు. మదనపల్లెలో ఆసుపత్రిలో చేర్చారు. నెలల తరబడి ఉంది. క్షయ అంటే భయం గదా, ఇంటి నుంచి ఒక్కసారి కంటే ఎక్కువ ఎవరూ పోలేదు. ఆమె దగ్గరికి వచ్చింది ఆ వార్డు ఊడ్చే ఆయమ్మ ఒక్కతే. రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని బైబిలు చదివేది, అక్షరాల కింద వేలు పెట్టి అత్త చేత పలికించేది. అంతవరకు మా అత్త బడి మొహం చూడలేదు. అక్షరాలూ దేవుడూ ఆమెకు ఒకే మంచం మీద దొరికాయి.

జబ్బు నయమై పుస్తకంతో ఇల్లు చేరింది. "నా ఇంట్లో ఆ సదువు వద్దు" అన్నాడు నాయన. "సరేన్నా, ఇంట్లో సదవను" అంది అత్త. మరుసటి రోజు తెల్లారి అయిదింటికి వీధిలో కరెంటు స్తంభం కింద నిలబడి, గొంతెత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. పాలు పితికేవాళ్ళు చెంబులు కింద పెట్టి విన్నారు. మూడో రోజుకు నాయనే బయటికి వచ్చి, "లోపలికొచ్చి ఏడువు మే, మానం పోతాండాది" అన్నాడు. ఆ రోజు నుంచి వంటింటి గడప పక్కన ఆమె చోటు ఖాయమైంది.

మనసులో చదువుకోరాదా అత్తా అని అడిగాను చిన్నప్పుడు. "మనసులో సదివితే, సదివినానా నిద్రపోయినానా అని నాకే డౌటు వస్తాది" అంది.

రోజుకు ఒక పేజీ. రెండు కాదు, అర కాదు. చివరికి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి. ఏదీ దాటేయదు. "ఒక మడి తడపకుండా నీళ్ళు తిప్పేస్తే అది ఎండిపోదా?" అనేది. దాంతో ఏమైందంటే, ఫలానావాడికి ఫలానావాడు పుట్టాడని వరసగా పేర్లు వచ్చే పేజీలు కూడా వదల్లేదు. ఆ పేర్లు నోరు తిరక్క ఒక్కోదాన్ని నాలుగుసార్లు పలికేది. వారం రోజులు గోడ అవతల నుంచి ఇదంతా విన్న పక్కింటి అవ్వ, "ఇంత పెద్ద వంశమా మే మీ అత్తగారిది, ఒక్కరన్నా సూసేకి రాలేదే నిన్ను" అని కన్నీళ్ళు పెట్టుకుంది. అత్త నవ్వలేదు. "వీళ్ళూ నావాళ్ళే అవ్వా, దూరంగా ఉండారు" అంది.

ఆమె ప్రార్థన వింటే మీరు నవ్వుతారు. కళ్ళు మూసుకుని పక్కింటాయనతో మాట్లాడినట్టే: "ప్రభువా, ఈపొద్దు మా అన్నకు కోపం తగ్గించు. తగ్గించే పని లేకుంటే నాకు ఓపికన్నా ఇయ్యి." ఆ తర్వాత లేచి పేడ ఎత్తేది. అంతే. కానీ ఆ అరగంట ఆమెకు ఏమి ఇచ్చిందో నా పెళ్ళిలో చూశాను. ముండమోసింది ముందు కూర్చోకూడదని ఎవరో వెనక్కి పొమ్మన్నారు. అత్త కదల్లేదు. "తెల్లారి అయిదింటికే ఆయన పిలిచి కూర్చోబెట్టుకున్యాడు నన్ను. ఇప్పుడు లేపేకి నువ్వెవరప్పా" అంది, మెల్లగానే. ముందు వరసలోనే కూర్చుని అక్షింతలు వేసింది.

నన్నూ మతం మార్చిందా అని అడుగుతారని తెలుసు. లేదు. నేను బొట్టు పెట్టుకుంటాను, కొండకు పోతాను. పుంగనూరులో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. నన్ను మార్చాలని ఆమె ఎప్పుడూ చూడలేదు. తన పొద్దును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

నాలుగేళ్ళ కిందట నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. అమ్మ అప్పటికే లేదు. అన్నం పెట్టింది, ఒళ్ళు తుడిచింది, అన్నీ అత్తే. ఒకసారి ఆమెకు జ్వరమొస్తే నేను వచ్చి ఉన్నాను. ఆ పొద్దు ఆమె లేవలేదు. వంకరపోయిన నోటితో నాయన నన్ను అడిగాడు: "ఈపొద్దు యాల సదవలేదు?" అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

ఇక అత్త పోయిన రోజు. శవాన్ని రాత్రికి ఇల్లు చేర్చాం. తెల్లారి అయిదింటికి సంచిలో నుంచి పుస్తకం తీశాను. మా పెదనాన్న కొడుకు, ఇప్పుడు ఇంటికి పెద్ద, "శవం కాడ ఆ పుస్తకం తెరిస్తే ఊరుకునేది లేదు" అన్నాడు. అంతమంది ఏడుస్తుంటే నోరు రాలేదు. పుస్తకం మూసేశాను. అది నా పిరికితనమే, దాచుకోను.

తొమ్మిదింటికి మా చేన్లోనే మట్టి చేశారు. పసుపు, పూలు, టెంకాయ, అన్నీ మా పద్ధతే. నేను వద్దనలేదు. అత్త ఆదివారాలు పోయే పుంగనూరు చర్చి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గట్టు మీదే నిలబడిపోయారు. అందరూ పిడికెడు మట్టి వేశాక మళ్ళీ పుస్తకం తీశాను.

"చెప్తే అర్థం కాదా? ఈ కుటుంబానికి ఒక పద్ధతి ఉండాది" అన్నాడు అన్న.

"మదనపల్లెలో నెత్తురు కక్కతా పడుండినప్పుడు ఈ పద్ధతి యాడికి పోయుండెన్నా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఒక్క పేజీ. ఆమెకు మాటిచ్చినాను. సదివే పోతాను."

అన్న పుస్తకం లాక్కోబోయాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిన నాయన, బాగున్న ఎడమ చేత్తో కుర్చీని చరిచాడు. "సదవనీ" అన్నాడు.

"చిన్నాయనా, మొదట వద్దన్నింది నువ్వే గదా."

"అన్యాను." మాట కూడదీసుకోవడానికి నాయనకు చాలాసేపు పట్టింది. "తప్పు."

అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను నాయన కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని పేజీ తెరిచాను. చేన్లో గాలి ఎక్కువగా ఉంది. ఆ పలచటి కాగితం ఒక్కచోట నిలవక కొట్టుకుంటూ ఉంది. నాయన వంగి, ఎడమ చెయ్యి దాని మీద ఆనించి అదిమిపట్టాడు. నేను ఒక్కో వరస చదువుతుంటే, ఆ చెయ్యి ఒక్కో వరస కిందికి జరుగుతూ పోయింది.