మోకాలాయన బదిలీ

ఆ బాస్కెట్‌బాల్ టీము ఏ ఊరిదో రాయను. అమెరికాలోని ఆ ఊరివాళ్లు ఇప్పటికే చాలినంత బాధలో ఉన్నారు. ఓడిపోవడంలో ఆ టీముకున్న క్రమశిక్షణ నేను మా మంత్రిత్వ శాఖలో కూడా చూడలేదు. గెలిచిన మ్యాచ్‌ని సైతం ఆఖరి రెండు నిమిషాల్లో ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టి, బొట్టుపెట్టి సాగనంపుతారు. అలాంటి టీముకి భూగోళం ఇవతల వైపున, ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో, మా అపార్ట్‌మెంట్లలో నలుగురు అభిమానులం ఉన్నాం. ముగ్గురు అసలైనవాళ్లు. నాలుగోవాణ్ణి నేను.

మూడేళ్లు చూసినా నాకు ఆట అర్థం కాలేదు. బంతి రింగులో పడాలి, అంతవరకు తెలిసింది. పడితే ఒకసారి రెండు పాయింట్లు, ఒకసారి మూడు, ఒకసారి అసలేమీ లేకుండా ఈల. ఆ ఈల ఎవరిమీద వేశారో తెలిసేలోగా అందరూ అవతలి కొసకి పరుగెత్తిపోతారు.

అయినా చూస్తాను. అక్కడి శనివారం రాత్రి మ్యాచ్ మనకు ఆదివారం పొద్దున వస్తుంది. డిగ్రీ రెండో ఏడాది చదివే మా అమ్మాయి నా పక్కన కూర్చునేది వారం మొత్తానికి ఆ రెండున్నర గంటలే. మిగతా ఆరు రోజులూ ఆ పిల్ల మెట్రోకి, చెవుల్లోని తెల్ల గింజలకి, మూసిన తలుపుకి చెందుతుంది. తెలుగులో ఒక ప్రశ్న వేస్తే హిందీలో సగం ముక్క జవాబు. ఆదివారం మాత్రం కిటికీ బయట ఎదురు టవర్‌ని పొగమంచు మింగేసి కూర్చుంటే, మేమిద్దరం ఒకే రజాయి కప్పుకుని ఓడిపోతూ ఉంటాం.

ఆ టీములో అందరికంటే పాతకాపు ఒకాయన ఉండేవాడు. మా టీవీలో ఆయన తల కనిపిస్తే కాళ్లు కనిపించవు. రెండు మోకాళ్లకీ కట్లు. ఆ గుడ్డతో మా ఇంటి కిటికీలన్నిటికీ పరదాలు కుట్టించుకోవచ్చు. ఆయన పేరు నాకు నోరు తిరగదు కాబట్టి మోకాలాయన అంటాను. మా అమ్మాయికి ఆయనంటే ప్రాణం.

జనవరిలో, టీములు ఆటగాళ్లను మార్చుకునే గడువు దగ్గరపడింది. మోకాలాయనను వదిలించుకుంటే తప్ప టీము బాగుపడదని ఇంటర్నెట్ మొత్తం తీర్మానించింది. మా అమ్మాయి కూడా ఒక తీర్మానం చేసింది.

"ఆయన్ని పంపేస్తే మై నహీ దేఖూంగీ నాన్నా. బస్, ఖతమ్."

నా గుండె జారి పదకొండు అంతస్తులూ దిగి పార్కింగులో పడింది. ఆయన పోతే అమ్మాయి మ్యాచ్ చూడదు, నా ఆదివారం పోతుంది. కనుక ఆయన ఉండి తీరాలి.

వెంటనే మా హాల్లో అభిమానుల సమావేశం పెట్టాను. పై అంతస్తు నుంచి గుంటూరు సాఫ్ట్‌వేర్ కుర్రాడు లాప్‌టాప్‌తో దిగాడు. పక్క టవర్ నుంచి వరంగల్ ఆవిడ వచ్చింది. బ్యాంకులో ఆఫీసరు, మా నలుగురిలో నిజంగా ఈ ఆట ఆడిన ఏకైక ప్రాణి. మా ఆవిడ పెనం దగ్గర నుంచి "ఓడిపోయే టీముకి ఇన్ని పెసరట్లా?" అంది.

"సార్, ఎమోషన్ పక్కన పెట్టండి" అన్నాడు గుంటూరు. "ఈయన్ని ఇచ్చేస్తే ఇద్దరు కుర్రోళ్లు వస్తారండీ. ఈ గ్రాఫు చూడండి."

"ఏం గ్రాఫయ్యా! రింగు కింద నిలబడేటోడు ఎవడు మరి? నీ లాప్‌టాప్ నిలబడ్తదా?" అంది వరంగల్. "నేను కాలేజీల ఆడిన. ముందుగాల ఆ బంతి తెచ్చేటోన్ని మార్చాలె. చేతికొస్తే పక్కోనికి ఇయ్యడు, తాతల ఆస్తి లెక్క దాస్కుంటడు."

"ఆడ్ని ఎవరు తీసుకుంటారండీ, ఆంటీ?"

"ఆంటీ ఎవల్రా నీకు? అక్కా అను."

గుంటూరు కుర్రాడు తెరమీద బాణాలు గీశాడు. వీడు అక్కడికి, వాడు ఇక్కడికి, మధ్యలో మూడో టీము. వచ్చే సంవత్సరాల్లో కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కును కూడా ఇచ్చిపుచ్చుకోవచ్చట. అంటే ఎవడో తెలియని, బహుశా ఈ క్షణాన హోంవర్క్ ఎగ్గొడుతున్న పిల్లవాడు కూడా బదిలీ అయిపోయాడన్నమాట. నా బుర్రలో పొగమంచు కమ్ముకుంది. ఒక్క ముక్క మాత్రం మెరిసింది. బదిలీ!

"ఆగండి" అన్నాను. "ఇరవై ఏడేళ్లుగా నా సీటు బదిలీల సీటు. బదిలీ ఆపడం ఎలాగో నన్నడగండి. ఆయన పిల్లలు ఏ క్లాసు? విద్యాసంవత్సరం మధ్యలో కదపకూడదు. భార్య ఉద్యోగం ఏ ఊళ్లో?"

"సార్, అది అమెరికా అండీ."

"అమెరికాలో పిల్లలకు పరీక్షలుండవా?"

"అన్న అడిగిందాంట్ల తప్పేముంది?" అంది వరంగల్, నవ్వు ఆపుకోలేక అల్లం చట్నీతో పొలమారుతూ.

అప్పుడు వేశాను బ్రహ్మాస్త్రం. "అసలు ఆయన సమ్మతి తీసుకున్నారా? మా ఆఫీసులో ఒక మనిషిని పక్క గదికి మార్చాలన్నా ముందు సమ్మతి అడుగుతాం."

ఇది పచ్చి అబద్ధం. మేం ఎవర్నీ ఏమీ అడగం. కానీ గుంటూరు లాప్‌టాప్ మూసేశాడు. నేను విజయగర్వంతో మా అమ్మాయి వైపు చూశాను. ఆ పిల్ల కళ్లు నామీద లేవు.

"కిసీనే నహీ పూఛా" అంది మెల్లగా. "నేను భీ అడగలేదు."

లేచి గదిలోకి వెళ్లింది. పది నిమిషాలకి ఫోన్ పట్టుకుని వచ్చింది. అందులో మోకాలాయన, చెమట తుడుచుకుంటూ ఎవరికో ఏదో చెబుతున్నాడు.

"ఒక్కసారి ఫైనల్ ఆడి ఆపేస్తాడట, నాన్నా. ఇక్కడుంటే ఫైనల్ నెవర్. మోకాళ్లు ఆగేది ఇంకో ఏడాది, మహా అయితే దో. వెళ్లనీ, జానే దో ఉన్‌కో."

వేలమందికి రిలీవింగ్ ఆర్డర్లు తయారుచేసిన చేతులు నావి. ఆయన్ని ఆపడానికి నేను వేసిన ప్రశ్నే ఆయనకు ఆర్డరు చేతికిచ్చింది.

"మరి నువ్వు చూడనన్నావుగా?"

"పతా నహీ" అంది. నిజంగానే తెలియనట్టుంది.

ఆ శుక్రవారమే మోకాలాయన వెళ్లిపోయాడు. మా సమావేశం తీర్మానం అక్కడికి ఎలా చేరిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఆదివారం అలవాటుగా మెలకువ వచ్చింది. అమ్మాయి గది తలుపు మూసే ఉంది. టీవీ పెట్టాను. రజాయి సగం నామీద, సగం ఖాళీ సోఫా మీద. కట్టేద్దామని రెండుసార్లు రిమోట్ తీశాను. ఇంతలో ఆయన స్థానంలోకి వచ్చిన కొత్త పొడుగాయన రింగు కింద ఆనంద్ విహార్‌లో బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. బంతి ముట్టుకోలేదు, ఎవర్నీ నెట్టలేదు. ఈల!

"ఓరి నీ ఈల తగలెయ్యా, ఏం చేశాడ్రా వాడు!" అని నేను వేసిన కేకకి ఎదురు టవర్ పొగమంచులోంచి బయటికొచ్చి ఉంటుంది.

తలుపు తెరుచుకుంది. చింపిరి జుట్టుతో అమ్మాయి.

"క్యా హువా నాన్నా? ఇత్నా శోర్?"

"చూడు, ఊరికే నిలబడితే ఈల వేశాడు!"

తెర వైపు ఒక్క చూపు చూసింది. "తీన్ సెకండ్. రింగు కింద అంతకన్నా ఎక్కువ నిలబడకూడదు. సౌ బార్ చెప్పాను."

"మళ్లీ చెప్పు."

"థోడా సరకో" అంది. జరిగాను. రజాయిలో ముప్పాతిక లాక్కుంది.

మేం ఓడిపోయాం. తర్వాత తొమ్మిదింటికి మోకాలాయన కొత్త టీము మ్యాచ్ అమ్మాయే పెట్టింది. అదీ చూశాం. ఆయన బెంచీ మీద కూర్చుని తువ్వాలు కప్పుకున్నాడు, బాగానే ఉన్నాడు. వచ్చే నెల ఈ రెండు టీములూ ఒకదానితో ఒకటి ఆడతాయట. మనం ఎవరి వైపని అడిగాను. మా అమ్మాయి రజాయి ఇంకాస్త లాక్కుని, తనకీ తెలియదంది.