మూడొందల రెండో ఫ్లాటు తడిచెత్త

దొరబాబు గారు మనుషుల్ని నమ్మరు. మనుషులు పారేసిన చెత్తను మాత్రమే నమ్ముతారు.

రైల్వేలో టిక్కెట్లు తనిఖీ చేసి చేసి రిటైరయ్యారాయన. ఉద్యోగం పోయింది గానీ అనుమానం పోలేదు. ఊరికే కూర్చోలేక అది పర్యావరణం మీదికి మళ్ళింది. రాజమండ్రి దానవాయిపేటలో మా అపార్ట్‌మెంటుకు ఆయనే పచ్చదనం కన్వీనరు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. మీటింగులో ఆ పదవి మాట వచ్చినప్పుడు అందరూ ఫోన్లలోకి తలలు దించుకున్నారు. ఆయన ఒక్కరే చెయ్యెత్తారు.

మా నాన్న ముసలయ్య అక్కడ వాచ్‌మన్. నాన్నకు నడుం పట్టేసినప్పుడు నేను ఇంటర్ మధ్యలో ఆపేశాను. ప్రతి గుమ్మం ముందూ పెట్టిన తడిచెత్త డబ్బా, పొడిచెత్త డబ్బా సెల్లారులోకి దించడం నా పని. నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడని మనిషి ముందు జనం అన్నీ మాట్లాడేస్తారు.

పొద్దున్నే డబ్బాలు వరసగా పెట్టి పక్కన నిలబడతాను. దొరబాబు గారు చేతులకు తొడుగులు, మెడలో విజిల్, చేతిలో పొడుగాటి పట్టకారుతో, ప్లాట్‌ఫాం మీద నడిచినట్టు నడిచి వస్తారు.

"ఇది ఎవరిదమ్మా, హేమా?"

"నూట ఒకటి వాళ్ళదండి. పల్లంరాజు గారిది."

పట్టకారు లోపలికి దిగి ఒక షాంపూ ప్యాకెట్‌తో పైకి లేస్తుంది, సీటు కింద దాక్కున్నవాణ్ణి కాలర్ పట్టి లాగినట్టు.

"తడిచెత్తలో ప్రయాణం చేసేత్తంది, టిక్కెట్ లేకుండా! పిలు రాజు గారిని."

పల్లంరాజు గారు లుంగీ సర్దుకుంటూ వస్తారు. "మాది కాదండి బాబూ. మేం ఈ కంపెనీ వాడం."

దొరబాబు గారు ఆయన తల దగ్గర ముక్కు పెట్టి గట్టిగా గాలి పీలుస్తారు. "ఇదే కంపెనీ."

రెండో అంతస్తు సుధాకర్ గారి కథ ఇంకా ఘోరం. కార్తీకమాసంలో వాళ్ళావిడ కోరుకొండ దర్శనానికి వెళ్ళిన మర్నాడు వాళ్ళ డబ్బాలో కోడి ఎముకలు బయటపడ్డాయి. సుధాకర్ గారు నా ముందే రెండు చేతులూ జోడించారు. "మా ఆవిడకి చెప్పకండి, మీకు పుణ్యముంటది." దొరబాబు గారు చెప్పలేదు. కానీ మర్నాటి నుంచి సుధాకర్ గారు ఆయన చూపు తట్టుకోలేక, ఎముకలు క్యారేజీలో పెట్టుకుని, గోదావరి వంతెన దాటి, కొవ్వూరులో పారేసి వచ్చేవారు.

బయట కూడా ఆయనది అదే వరస. పెనుగొండలో ఒక పెళ్ళికి వెళ్ళి, కాగితం గ్లాసులో ప్లాస్టిక్ పూత ఉందని అనుమానం వచ్చి, అగ్గిపుల్ల గీసి పందిట్లోనే కాల్చి చూశారు. గ్లాసు పూత కరిగింది. షామియానా అంచు కూడా కొంచెం కరిగింది. ఆ తర్వాత చుట్టాల శుభలేఖలు ఆయనకు వాట్సాప్‌లో, అదీ పెళ్ళయిన మర్నాడు రావడం మొదలైంది. "కాగితం ఆదా చేస్తన్నారు, మంచిదే," అని ఆయన మురిసిపోయారు.

ఇలా ఉండగా మూడో అంతస్తులో మూడొందల రెండు ఫ్లాటు గణేష్‌బాబు గారికి ఉన్నట్టుండి పర్యావరణం పట్టుకుంది. ఆయన, భార్య దేవిశ్రీ గారు, ఒక చిన్న పాప. ముందు మోటారుసైకిల్ మాయమై పాత సైకిల్ వచ్చింది.

"కాలుష్యం అండి. మన వంతు మనం తగ్గించాలి కదండీ," అన్నారు గణేష్‌బాబు గారు.

తర్వాత ఏసీ మూగబోయింది. కరెంటు ఆదా అట. ఆ తర్వాత ఫ్రిజ్ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఓజోన్ పొర కోసమట. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి. దొరబాబు గారొక్కరే చప్పట్లు కొట్టలేదు.

పల్లంరాజు గారి భార్య మాణిక్యాంబ గారు ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నారు. "ఏంటండీ, ఇన్నాళ్ళూ మమ్మల్ని చంపుకు తిన్నారు. తీరా ఒకళ్ళు మారితే మెచ్చుకోరా?"

"నాకు అనుమానంగా ఉందండి."

"దాంట్లో కూడానా!"

"ఇంత పచ్చదనం ఆరోగ్యంగా ఉన్న మనిషికి రాదండి. నాకే లేదు. నిన్న నేనే ప్లాస్టిక్ కవర్లో జిలేబీ తెచ్చుకుని, చీకట్లో తిన్నాను."

మర్నాడు వరసలో చివరగా ఉన్న మూడొందల రెండు వారి తడిచెత్త డబ్బా మూత తీశారు. అడుగున ఉడికిపోయిన టీ పొడి ఉంది. పట్టకారు అటూ ఇటూ తిప్పారు. ఇంకేం తగల్లేదు.

"ఊరెళ్ళారా వీళ్ళు?"

"లేదండి. ఉన్నారండి."

"నిన్న ఏముంది?"

"నిన్న కూడా టీ పొడేనండి."

"కూరల బండి వస్తే ఆవిడ దిగుతందా?"

"ఈమధ్య దిగట్లేదండి."

విజిల్ ఊదలేదు. ఎవర్నీ పిలవలేదు. మూత చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళిపోయారు. నాకు భయం వేసింది. ఆయన అరవకపోవడం అదే మొదటిసారి.

ఆదివారం నోటీసు బోర్డు మీద కొత్త ప్రకటన కనబడింది. చెత్త బాగా వేరుచేసిన ఇంటికి వారం వారం బహుమతి. మేడమీద ఆయన పెంచే కూరగాయలు ఒక బుట్టెడు. అపార్ట్‌మెంటంతా గుసగుసలాడింది. ఎవరి డబ్బాలో ఏది దొరికినా తిట్టడమే తప్ప పచ్చిమిరపకాయ కూడా ఇచ్చి ఎరగని మనిషి, బుట్టెడు కూరలు ఇస్తానంటే ఎవరు నమ్ముతారు?

"మున్సిపాలిటీ వాళ్ళు ఏదో ముట్టజెప్పుంటారు," అన్నారు పల్లంరాజు గారు.

"ఎరువులో ఏం కలిపాడో. ముందు మనమీద ప్రయోగం చేస్తన్నాడేమో," అన్నారు సుధాకర్ గారు.

మొదటి బహుమతి మూడొందల రెండుకు వచ్చింది. వంకాయలు, బెండకాయలు, తోటకూర, లేత ఆనపకాయ ఉన్న బుట్ట దొరబాబు గారి వెనకాల నేనే మోసుకెళ్ళాను. నాకూ అనుమానమే. ఖాళీ డబ్బాకు బహుమతి ఏమిటి? గణేష్‌బాబు గారు తలుపు సగమే తీశారు.

"మాకెందుకండీ ఇవన్నీ," అన్నారు.

"నేనేం ఊరికే ఇవ్వట్లేదండి. గెలిచారు. తీసుకోకపోతే రూలు ఒప్పుకోదు," అన్నారు దొరబాబు గారు, టిక్కెట్ అడిగే గొంతుతో.

మర్నాడు ఆ డబ్బాలో తోటకూర వేళ్ళు, వంకాయ ముచ్చికలు ఉన్నాయి. దొరబాబు గారు ఒక ముచ్చికను పట్టకారుతో పైకెత్తి వెలుతురులో తిప్పి చూశారు.

"వండుకున్నారమ్మా," అన్నారు మెల్లగా. నేను వింటున్నానని గుర్తొచ్చి వెంటనే గొంతు పెంచారు. "ముచ్చిక ఇంత పెద్దగా కోస్తారా! ఎంత వేస్టు!"

అప్పుడు నాకు అర్థమైంది. గణేష్‌బాబు గారు రోజూ టక్ చేసుకుని బయల్దేరతారు. కానీ నేను మందులకని బజారుకు వెళ్ళినప్పుడల్లా ఆయన సైకిల్ పుష్కరఘాట్ దగ్గర, ఆయన మెట్ల మీద కనబడేవారు. ఆయన పనిచేసే షోరూం మూతపడిందని ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పుకోలేదని తర్వాత తెలిసింది. ఊరికే ఇస్తే తలుపు తీసే మనుషులు కారు. గెలిస్తే మాత్రం తీసుకోక తప్పదు.

చిక్కంతా వాళ్ళు మళ్ళీ మళ్ళీ గెలవడంతో వచ్చింది. మాణిక్యాంబ గారు బహుమతి కోసం అరటి తొక్కలు మడతలు పెట్టి వేసేవారు. పారేసే కరివేపాకు కూడా కడిగి వేసేవారు. అయినా మూడొందల రెండే. చివరికి ఒక ఆదివారం అందరూ సెల్లారులో చేరారు.

"ఇందులో ఏదో గూడుపుఠాణీ ఉంది. డబ్బాలన్నీ అందరి ముందూ తెరవాలి," అన్నారు మాణిక్యాంబ గారు.

బుట్టలో కూరలు వారం మధ్యకే అయిపోతాయి. ఆదివారానికి ఆ డబ్బాలో మళ్ళీ టీ పొడే. మూత తీస్తే మాణిక్యాంబ గారు చూసి వదలరు, "ఏంటమ్మా, పొయ్యి వెలిగించట్లేదా?" అని అడిగేస్తారు. స్తంభం పక్కన దేవిశ్రీ గారు పాప చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ చూపు చివరి డబ్బా మీదే ఉంది.

ఒక్కొక్క మూతా తెరుస్తూ పల్లంరాజు గారు చివరి డబ్బా దాకా వచ్చారు. ఆయన చెయ్యి వేసేలోపు దొరబాబు గారు వెళ్ళి దాని మీద కూర్చున్నారు.

"లెగండి టీసీ గారూ."

"లెగనండి."

"ఏం దాస్తన్నారు?"

దొరబాబు గారు తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఈ డబ్బా నేను ఏనాడూ తెరవలేదండి. వరసలో చివరిది. ఇక్కడికొచ్చేసరికి నా నడుం ఒంగదు. చూడకుండానే మార్కులేశాను."

పల్లంరాజు గారి చేతిలోని మూత కింద పడినా దొరబాబు గారు ఆగలేదు.

"అసలు ఎవరి డబ్బా సరిగ్గా చూళ్ళేదండి. అంతా అంచనానే."

"మరి మా షాంపూ ప్యాకెట్?" అన్నారు పల్లంరాజు గారు.

"గాల్లో రాయేశానండి. తగిలింది."

"అయితే నా కోడి ఎముకలు కూడా..." అని సుధాకర్ గారు అరిచి, పక్కనే భార్య ఉందని గుర్తొచ్చి, నోరు అలాగే తెరిచి ఉంచేశారు.

ఆ తర్వాత ఎవరికీ ఆ మూత సంగతి పట్టలేదు. ఈయనకు భయపడి పాల ప్యాకెట్లు కడిగి ఆరేసుకున్నవాళ్ళందరూ ఆయన మీద పడ్డారు. చూపు తప్ప ఇంకే గొప్పా లేని మనిషి, ఆ చూపే అబద్ధమని ఒప్పుకుని, డబ్బా మీద కదలకుండా కూర్చుని తిట్లన్నీ తిన్నారు. పదవి పీకేశారు, బహుమతి బుట్ట మాత్రం ఆయన తోట నుంచే రావాలన్నారు. విజిల్, పట్టకారు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఈ పిల్లకి నోట్లో నాలుక లేదు. ఎవరి వైపూ మొగ్గదు," అన్నారు పల్లంరాజు గారు.

తర్వాతి ఆదివారం ఫలితం నేను చెప్పాలి. నా గొంతు నాకే వినబడలేదు. "మూడొందల రెండండి."

"మళ్ళీనా!" అన్నారు మాణిక్యాంబ గారు. "ఎందుకో చెప్పు."

"ఆ డబ్బాలో తప్పు ఒక్కటీ లేదండి."

అది నిజమే. అందులో తప్పు కాదు కదా, టీ పొడి తప్ప ఏదీ లేదు. మాణిక్యాంబ గారు మూతల వైపు కదలబోయారు. అంతలో వెనక నుంచి దొరబాబు గారు కేక పెట్టారు. "నేనొప్పుకోను! ఈ పిల్ల అమ్ముడుపోయింది!"

"మీరు మాట్లాడకండి!" మాణిక్యాంబ గారు గిర్రున తిరిగారు. "చూడకుండా మార్కులేసినోళ్ళు ఒకళ్ళకి చెప్పొచ్చారు! పిల్ల శుభ్రంగా చూసింది. మూడొందల రెండే!"

దొరబాబు గారు సణుక్కుంటూ మేడెక్కి బుట్ట తెచ్చారు. ఆనపకాయ ఎప్పటికంటే పెద్దది.

శీతాకాలం మొదట్లో ఒకరోజు మూడొందల రెండు డబ్బా ఎత్తబోతే బరువుగా తగిలింది. సెల్లారులో మూత తీశాను. ఉల్లిపొట్టు, అల్లం చెక్కు, దోసెడు చేప పొలుసులు, వాటి మధ్య చింపిన మసాలా ప్యాకెట్. వాకింగ్ పేరుతో అక్కడే తచ్చాడుతున్న దొరబాబు గారు తొంగి చూశారు. చూసి, పట్టలేక, మెట్ల దగ్గరికి పరుగెత్తి పైకి అరిచారు.

"దేవిశ్రీ గారూ! కిందికి రండి ఒకసారి!"

ఆవిడ పిండి చేతులతోనే దిగి వచ్చారు.

"మసాలా ప్యాకెట్ తడిచెత్తలో వేస్తారా? చదువుకున్నోళ్ళేనా మీరు?"

"పొరపాటైపోయిందండి. ఈయనకి కడియం నర్సరీలో పని కుదిరింది. ఆ హడావిడిలో..."

"పని కుదిరితే ప్లాస్టిక్ ఎక్కడపడితే అక్కడ పడేస్తారా? భూమి ఏమైపోవాలి? ఏం చేప అది?"

"కొర్రమీనండి."

"కొర్రమీనా! ఈ వారం మీకు బహుమతి లేదు! వచ్చే వారం కూడా లేదు!"

"ఆయ్," అన్నారు దేవిశ్రీ గారు, తలెత్తి నవ్వుతూ.

అంత సంతోషంగా తిట్టిన మనిషిని గానీ, అంత దర్జాగా తిట్లు తిన్న మనిషిని గానీ నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఆదివారం మొదటి బహుమతి మాణిక్యాంబ గారికి ప్రకటించాను. ఆవిడ బుట్ట అందుకుని, వంకాయలు ఒక్కొక్కటే తిప్పి చూసుకుని, "ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడెందుకు ఇచ్చినట్టు?" అని నా వైపు అనుమానంగా చూసుకుంటూ లిఫ్టెక్కారు.