జహ్రా మట్టి ఇంట్లో మిగిలిన సగం గోడ

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వులాటే. రాయచోటి దగ్గర మా ఊళ్లో శ్మశానం పక్క చేనులో ఒంటరిగా కలుపు తీసినదాన్ని. అందుకే ఇది చెప్పాలంటే నాకే కాస్త సిగ్గు.

కువైట్‌లో, రుమైథియాలో పనిచేసేటప్పుడు మా యజమానిని అక్కడి మాటలో కఫీల్ అనేవాళ్లం, ఆయన తల్లిని పెద్ద మామా అనేదాన్ని. అక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు. మతిమరుపు ముదిరి కొడుకునే గుర్తుపట్టేది కాదు. రోజూ మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, యుమ్మా దగ్గరికి తీసుకుపొమ్మని ఏడ్చేది. యుమ్మా అంటే అమ్మ. ఆ తల్లి పోయి యాభై ఏళ్లు.

పెద్ద మామా పుట్టిల్లు జహ్రాలో, ఖర్జూరం తోటలో పాత మట్టి ఇల్లు. తొలినాళ్లలో అక్కడ సేద్యం చేసినవాళ్లు కట్టుకున్నది. అలాంటివి ఇక మిగల్లేదని ప్రభుత్వం దాన్ని కాపాడతానంది. తాళాలు అప్పజెప్పేలోపు తల్లికి ఒకసారి చూపించాలని కొడుకు ఆశ. పాడైన గోడ బాగుచేయించి తీరా తీసుకెళ్తే, మేస్త్రీ నున్నగా సిమెంటు పూసిన గోడ చూసి, ఇది మా ఇల్లు కాదని బావురుమంది. నా ప్రాణం ఉసూరుమంది.

మేస్త్రీ సత్తిబాబుది అమలాపురం. "మట్టిగోడకు సిమెంటు పూస్తారాప్పా ఎవురన్నా?" అని తిట్టాను.

"ఇక్కడ ఏ గోడకైనా సిమెంటే ఏత్తాం కదక్కా," అని తలొంచుకున్నాడు.

సిమెంటు చెక్కించి, తోట మట్టిలో గడ్డి కలిపి రెండు రోజులు నానబెట్టాను. మా ఊళ్లోలా అరచేత్తో మెత్తాను. సాయంత్రానికి సగం గోడే అయింది. మర్నాడే తాళాలు ఇచ్చెయ్యాలి. మిగతాది పొద్దున్నే ముగిద్దామని తలుపుకు తాళం వేసి, తాళంచెవి నాతోనే తెచ్చుకున్నాను.

తెల్లారి తలుపు తీసి నోరు వెళ్లబెట్టాను. మిగతా సగం కూడా మెత్తి ఉంది, ఇంకా తడిగా. తొట్టిలో నా మట్టి ఉన్నది ఉన్నట్టే ఉంది. నా చేతి వంపులు ఒకవైపు తిరిగితే, అవి రెండోవైపు తిరిగాయి. ఆ చెయ్యి నా చేతికంటే చిన్నది. సత్తిబాబు తను కాదని ఒట్టేశాడు. వాడి చేతులు చేటలంత, అడగడమే నా తెలివితక్కువ.

కాసేపటికి పెద్ద మామాను తీసుకొచ్చారు. నేను మెత్తిన వైపు చూడనైనా లేదు. ఆ రెండో సగం మీద చెయ్యి పెట్టి, "యుమ్మాది ఎడమచెయ్యి," అంది నవ్వుతూ. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. మా అమ్మమ్మది ఎడమచేతి వాటమే అంటూ కఫీల్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆ తర్వాత బతికిన ఏడాదిన్నరలో, అమ్మ దగ్గరికి తీసుకుపొమ్మని ఆమె ఒక్కసారీ అడగలేదు.

ఆ గోడ ఎవరు మెత్తారో నాకు ఈరోజుకీ తెలియదు. మా ఊళ్లో కూతురు పుట్టింటికి వస్తోందంటే తల్లి ముందురోజే ఇల్లు అలికి పెడుతుంది. నాకు తెలిసింది అంతే.