ఎండిన కాలువలో ఎర్ర జెండా

వైశాఖం చివర, మిట్టమధ్యాహ్నం, నిడదవోలు దిగువన ఒక కాలువ లాకు దగ్గర దిగాం. మాది వంతెనలూ గట్లూ కట్టే పటాలం. పన్నెండు మంది జవాన్లు, రెండు గుడారాలు, హవల్దారుగా నేను. ఆజ్ఞ ఒక్కటే: పుచ్చిపోయిన లాకు తలుపులు తీసి కొత్తవి బిగించాలి. ఇరవయ్యో రోజున, మృగశిర కార్తెకు, కాలువకు నీళ్లు వదలాలి.

తెల్లవారి అయిదుకు బూర. పదకొండుకు గడ్డపార పట్టుకుంటే అరచేయి కాలేది. ఆరో రోజుకు పాత తలుపులు ఊడదీశాం. కొత్తవి రాలేదు. నా కింది నాయక్‌ను ఎగువకు పంపితే, చూసి వచ్చాడు.

"తలుపులు వచ్చేశాయండి. రెండు మైళ్ల అవతల పడవలో ఉన్నాయి."

"మరి తేలేదేం?"

"పడవ బురదలో కూర్చుందండి. కాలువకి నీళ్లు ఆపేశారు కదండీ."

కాలువల కచేరీలో ఒక గదిలోని దొర మా పని కోసం కాలువకు నీళ్లు ఆపించాడు. పక్కగది దొర ఆ ముందురోజే మా తలుపులను అదే కాలువలో పడవెక్కించాడు. ఇద్దరూ గడువు తప్పలేదు. ఇద్దరికీ ఉత్తరాలు రాశాను. నీళ్లు రాగానే పడవ కదులుతుందని ఒకరు, తలుపులు బిగించగానే నీళ్లు వదులుతామని ఒకరు జవాబిచ్చారు.

పడవ సరంగు రోజూ ఉదయం ఎర్ర జెండా ఎగరేసేవాడు.

"ఎవరికోసమయ్యా?"

"ఆగిన పడవకి జెండా ఉండాలండి. లేపోతే వెనకొచ్చేవాళ్లు గుద్దేస్తారు."

"వెనకొచ్చేవి ఏంటి, గేదెలా?"

"గేదెలక్కూడా కనపడాలి కదండీ!"

గట్టు కింద ఒక ముసలి రైతు, తొలకరి జల్లును నమ్మి, ఉన్న విత్తనమంతా నారు పోశాడు. మళ్లీ వాన లేదు. పదిహేనో రోజుకు నారు కొసలు పసుపుబారాయి.

"నీళ్లెప్పుడండి?"

"ఇరవయ్యో రోజున. అది సర్కారు మాట."

"మీ తాతగారి మాటయితే నమ్మేవాణ్ణండి."

ఆ ఊరు ఒకప్పుడు మా తాతగారి జమీ; ముసలాయన నన్ను పోల్చుకున్నాడు. జమీ వేలంలో పోయింది. ఆయన మాట ఆ ఊళ్లో ఇంకా పోలేదు. మర్నాడే, ఆజ్ఞ కోసం చూడకుండా, తలుపులు గట్టుకెక్కించి తాటి దుంగల మీద దొర్లించాం. మా వంశంలో బరువు లాగే మోకు భుజాన వేసుకున్న మొదటివాణ్ణి నేను. చేర్చడానికి అయిదు రోజులు, బిగించడానికి నాలుగు. నీళ్లు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాయి. వాటికంటే ముందు కచేరీ నుంచి ఉత్తరం వచ్చింది: అనుమతి లేకుండా తలుపులు ఎందుకు కదిపారు?

రైతు ఒక గుప్పెడు నారు పీకి నా చేతిలో పెట్టాడు. ఎండుగడ్డిలా గలగలలాడింది.

"నీళ్లు బాగా వచ్చాయండి," అన్నాడు.

కొన్నాళ్లకు పటాలం వదిలి ఇంటికి వచ్చేశాను. ఊళ్లో రోడ్డుకో వంతెనకో నన్ను సలహా అడుగుతారు. దారి ఆపేవాడినీ సామాను పంపేవాడినీ ముందు ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టమంటాను. తలలూపి వెళ్తారు. నాకు మాత్రం నెర్రెలు విచ్చిన కాలువ కనిపిస్తుంది. బురదలో పడవ. దాని మీద, నియమం తప్పకుండా, ఎర్ర జెండా. దాని వెనక పసుపుబారుతున్న నారుమడి.