సర్వేలో పదిహేడో ప్రశ్న

నేను ఉద్యోగాల సర్వేలో పనిచేస్తాను. ఇంటింటికీ వెళ్లి ఎవరు ఏం పని చేస్తున్నారు, ఎవరికి పని లేదు, చేసే పని నచ్చిందా లేదా అని అడిగి ట్యాబ్‌లో నింపుతాను. ప్రశ్న ఉన్నదున్నట్టు చదవాలి. జవాబు ఆ మనిషే చెప్పాలి.

పోయినేడు వేసవిలో రాజమండ్రిలో ఒక ఇంటి తలుపు తీసిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. కాకినాడలో మా తమ్ముడు పనిచేసిన కంపెనీకి ఆయన హెచ్.ఆర్. మేనేజరు. తమ్ముణ్ణి తీసేసిన రోజు నేనూ వెంట వెళ్లాను. తనంతట తనే మానేస్తున్నట్టు రాసివ్వమని ఈయనే వాడి ముందుకు కాగితం తోశాడు.

"తీసేశారని తెలిస్తే రేపు ఇంకెవరు తీసుకుంటారండి? నా మాట విని రాసేయండి," అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు.

తమ్ముడు రాసిచ్చాడు. పని పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే శిక్షణలో ఆ కాగితం వల్లే వాడికి చోటు దొరకలేదు. మీరే మానేశారు కదా అన్నారు. రెండేళ్లు ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, ముప్పై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయాడు. పని లేకే పోయాడని ఏ డాక్టరూ రాయడు. నేను చదివిన పరిశోధనలు కూడా అంత తేలిగ్గా తేల్చవు. నేను తేలుస్తాను.

తెలిసినవాళ్ల ఇల్లు వస్తే ఇంకొకరికి అప్పగించాలని మాకు నియమం. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

ఆయన భార్య మజ్జిగ తెచ్చి పక్కనే నిలబడింది. "ఈయన మానేసి ఆర్నెల్లయిందమ్మా. ఆ టెన్షన్లు పడలేక వదిలేశారు. ఇప్పుడు నా వంటకి వంకలు పెట్టడమే డ్యూటీ," అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. ఆమెకు చెప్పనిదేదో ఉందని అప్పుడు నాకు అర్థమైంది.

పదిహేడో ప్రశ్న: చివరి ఉద్యోగం ఎందుకు పోయింది?

"మా ఆవిడ చెప్పింది కదమ్మా. అదే రాసుకోండి."

"మీరే చెప్పాలి సార్. మళ్లీ చదువుతాను."

ఒకటి, సొంతంగా మానేశారు. రెండు, యజమాని తీసేశారు. మూడు, కంపెనీ మూతపడింది. నాలుగు, అనారోగ్యం. నింపాదిగా చదివాను. ఇంకోసారి చదివాను.

"రెండు," అన్నాడు నేల చూస్తూ.

"రెండంటే ఏంటండి? తీసేశారనా?" అంది భార్య.

ఆయన నా వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పి నేను తప్పించవచ్చు. ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాను.

"తీసేశారు," అన్నాడు చివరికి.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. పిలిచాడు. తిరిగి రాలేదు.

ఆ ప్రశ్నకు ఐదో జవాబు ఒకటుంది: చెప్పడం ఇష్టం లేదు. అదీ చదివి వినిపించాలి. నేను ప్రతిసారీ నాలుగు దగ్గరే ఆపేశాను.

తర్వాతి ప్రశ్న, ఆ ఉద్యోగంలో తృప్తిగా ఉండేవారా అని. ఆయన జవాబు చెప్పేదాకా కూర్చున్నాను.